ఉప్పు కలిపిన సున్నం

ఆ ఆదివారం మా ఇంట్లో ఏడుగురం ఉన్నాం. మా అయ్య బంగారురాజు, మా అమ్మ గంగాభవాని, అమ్మ తమ్ముడు దండాసి మావయ్య, నేను. వచ్చినవాళ్ళు సున్నం మేస్త్రి అప్పలస్వామిగారు, ఆయన అక్కగారు వెంకమ్మగారు. కింది వాటాలో ఉండే దా సాన్ సాన్ తన పింగాణీ కప్పులతో పాటు వచ్చింది. కప్పులు అరువిచ్చింది కాబట్టి అవి పగలకుండా చూసుకోవడానికి తనూ కూర్చుంది. వీళ్ళు గాక ఇంకో ఊరు ఊరంతా ఉంది, కొండ మీది తెల్లవాళ్ళ ఊరు. కాని అది నా నోటుపుస్తకంలో ఉంది, పుస్తకం బియ్యం డబ్బా మీద ఉంది. అక్కడే ఉండిపోయి ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

మా ఇల్లంటే బర్మా రేవుపట్నంలో, లమ్మడా పేటలో మూడో అంతస్తు మీద ముందొక గది, వెనకొక గది, రెంటికీ మధ్య ఒక తలుపు. పెళ్ళి మాటలకు వస్తున్నారంటే ఇంటికి సున్నం వేయాలి కదా. అయ్య రెండు రోజుల ముందే సున్నం తెచ్చి వేశాడు, అతిథులు కూర్చుంటే ఎదురుగా కనిపించే గోడకు మాత్రం. మిగిలిన మూడు గోడలూ వాళ్ళ వీపుల వెనకా పక్కలా ఉంటాయి కాబట్టి వాటికి అక్కర్లేదన్నాడు.

"వచ్చేది సున్నం మేస్త్రి. ఆయన మెడ తిప్పడేటి?" అని అడిగింది అమ్మ.

"మర్యాదస్తుడు మెడ తిప్పడే" అన్నాడు అయ్య.

మాటలు జరగాల్సింది మావయ్యకూ, మేస్త్రిగారి ఒక్కగానొక్క కూతురు సూర్యావతికీ. మావయ్య ఓడలో బొగ్గు కళాసీ. ఆరేళ్ళు బాయిలరు నోటి ముందు నిలబడి పారతో బొగ్గు వేశాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలి, చర్మం నూనె కాగితంలా మెరుస్తుంది. ఈసారి ఓడ దిగినప్పటినుంచి మా మూడు అంతస్తులు ఎక్కేలోపు రెండుసార్లు మెట్ల మీద కూర్చుంటున్నాడు. గురువారం ఆ ఓడ మళ్ళీ బయల్దేరుతుంది. సంబంధం కుదిరితే మేస్త్రిగారు తన కింద ఒడ్డునే పని ఇస్తారు. కుదరకపోతే గురువారం మావయ్య మళ్ళీ బొగ్గు దగ్గరికి దిగాలి.

"ఇంకోపాలి దిగితే మరి నాను పైకి రానే అప్పా" అని అమ్మతో అన్నాడు. అమ్మ విననట్టే వంకాయలు తరుగుతూ ఉండిపోయింది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

మేస్త్రిగారికి మావయ్య నచ్చడానికి కారణం ఆ కొండ మీది ఊరే. రెండేళ్ళ కిందట ఓడ యంత్రం చెడి, స్పెయిన్ దేశంలో ఒక చిన్న రేవులో ఇరవై రోజులు ఆగిపోయింది. రేవు వెనక కొండ, కొండ మీద ఆ ఊరు. మధ్యాహ్నాలు అమ్మ కునుకు తీసేటప్పుడు మావయ్య చేతికి కొబ్బరినూనె రాసుకుంటూ ఆ ఊరి సంగతులు నాకు చెప్పేవాడు. నేను రాసుకునేదాన్ని. మనుషుల్లో పడితే నాకు నోరు రాదు, చెయ్యి మాత్రం వస్తుంది. భీమిలి పక్కన మా ఊళ్ళో అయిదో తరగతి దాకా చదివాను. అక్కడ అయిదో తరగతే చివరిది.

మావయ్య చెప్పినదాంట్లో ఒక ముసలావిడ ఉంది. ఆవిడ పేరు మావయ్యకు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. "గ్నాపకం రాగానే సెప్తాను, కుసింత జాగా ఒగ్గీ" అన్నాడు. అందుకని ఆవిడ వచ్చిన ప్రతిచోటా ఒక పేరంత ఖాళీ వదిలాను.

ఆ ఊరి గురించి అయ్య కూడా ఒకరోజు విన్నాడు, సగం నిద్రలో. "ఊరంతా తెలుపు" అన్న ఒక్క మాట ఆయన చెవిన పడింది. మర్నాడు అహ్లోన్ బియ్యం మిల్లులో బస్తాలు మోస్తూ ఆ ఒక్క మాటా పక్కవాడికి చెప్పాడు. సాయంత్రానికి తెలుపు కాస్తా పాలరాయి అయింది. వారం తిరిగేసరికి దొరలు మావయ్యకు కుర్చీ వేశారు, దొరసాని తన చేత్తో టీ పోసింది, వెండి చెంచా ఇచ్చి కలుపుకోమంది. ఆ మాట నది వెంబడి బోటాటౌంగ్ గోదాముల దాకా పోయి, అక్కడ గోడలకు సున్నం వేయిస్తున్న అప్పలస్వామిగారిని చేరింది. మొదట్లో మావయ్య "అలగ కాదు బావా" అనేవాడు. గురువారం దగ్గరపడేకొద్దీ ఆ మాట అనడం తగ్గింది. శనివారానికి బొత్తిగా మానేశాడు.

మేస్త్రిగారు తెల్లపంచె, తెల్లలాల్చీ, తెల్ల కాన్వాసు జోళ్ళతో వచ్చారు. ఆయన కింద నలభైమంది పని చేస్తారు. గొడుగు వేసుకుని దూరంగా నిలబడతారనీ, ఒక్క సున్నం చుక్క మీద పడనివ్వరనీ పేరు. నాకు కొత్తవాళ్ళ మొహాలు చూడడం చేతకాదు, చేతులూ కాళ్ళూ చూస్తాను. ఆయన గోళ్ళ చుట్టూ చర్మం చీలికలు చీలికలుగా ఉంది. చాలా ఏళ్ళ కిందటి చీలికలు, సున్నం తిన్నవి. ఆ చేతులు పంచె మడతల్లో దాచుకుని కూర్చున్నారు. ఎదురు గోడ చూశారు. తర్వాత మెడ తిప్పి మిగిలిన మూడు గోడలూ చూశారు. అమ్మ అయ్య వైపు చూసింది.

"దండాసీ, ఆ ఊరు సంగతి నీ నోట సెప్పు. మా అప్ప ఇనాలి" అన్నారు మేస్త్రిగారు.

మావయ్య నోరు తెరవకముందే అయ్య అందుకున్నాడు. "పాలరాయి బాబూ! గోడలు పాలరాయి, మెట్లు పాలరాయి. కాలెట్టితే జారిపోద్దంతే."

"జారిపోతే ఆలెలగ నడుస్తారు?" అంది వెంకమ్మగారు.

"ఆలు దొరలమ్మా. బూట్లుంటాయి."

"బూట్లుంటే మరీ జారదేటి?"

దా సాన్ సాన్ ఒక కప్పును అంచు నుంచి లోపలికి జరిపింది. ఆవిడ బర్మా ఆవిడ. మనవాడైన బుల్లియ్యను చేసుకుని ఇరవై ఏళ్ళుగా తెలుగు మాట్లాడుతోంది. "మా బుల్లియ్య కూడా పెళ్ళికి ముందు, ఊళ్ళో మేడ ఉంది అన్నాడు. ఓడెక్కి వెళ్ళి చూశాను. మేకలు ఉన్నాయి" అంది.

"నానూ అదే అంటన్నాను. నోటిమాటకేటి, ఎవుడైనా సెప్తాడు" అంది వెంకమ్మగారు.

అయ్య లేచి నిలబడ్డాడు. "నోటిమాట కాదమ్మా, రాత! మా సిన్నమ్మి అంతా పుస్తకంలో రాసీసింది. రాసిందాన్లో అబద్దం ఉండదు గదా. ఒలే సిన్నమ్మీ, ఆ పుస్తకం తే."

అయ్య వేలిముద్ర వేసే మనిషి. కాగితం మీద ఉన్నదంతా నిజమని ఆయనకు గట్టి నమ్మకం. అందులో ఏముందో నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నిజం ఒకటే కాబట్టి తను చెప్పిందే అందులో ఉంటుందనుకున్నాడు.

"ఇప్పుడెందుకు బావా" అన్నాడు మావయ్య. ఆయన కాలివేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి.

"నువ్వూరుకో. సదవే."

పుస్తకం తెచ్చి తెరిచాను. మా ఊరి బళ్ళో పంతులుగారు చదివేటప్పుడు ప్రతి మాట కిందా వేలు పెట్టించేవారు. పుస్తకంలో లేని మాట నోట వస్తే అదే వేలి మీద బెత్తం పడేది. అయిదేళ్ళ చదువులో నాకు బాగా వచ్చింది అదొక్కటే. పాలరాయి అని చదవాలని నాకు తెలుసు. ఆ మాట కోసం పేజీ పైనుంచి కిందిదాకా చూశాను. ఎక్కడా లేదు. వేలు పెట్టి, ఉన్నదే చదివాను.

"ఓడ మీదనుంచి చూస్తే ఆ ఊరు, చాకలి ఉతికి కొండ మీద ఆరేసి మరిచిపోయిన బట్టల్లా ఉంది. ఎక్కి వెళ్తే ప్రతి ఇంటికీ కొత్తగా సున్నం. అరుగుకూ సున్నం, చెట్టు మొదలుకూ సున్నం. ఊరంతా ఒకే ముహూర్తానికి పెళ్ళిళ్ళు పెట్టుకున్నారని మావయ్య అనుకున్నాడు. పెళ్ళివారింటి ముందునుంచి తినకుండా పోతే వాళ్ళకు చిన్నతనం. అందుకని మేకల తొట్టిలో కాళ్ళు కడుక్కుని మొదటి ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. అక్కడ పగటిపూట తలుపులు వేయరు. గుమ్మానికి ఒక గుడ్డ వేలాడుతుంది. ఆ గుడ్డ తొలగించుకుని..."

ఇక్కడ ఖాళీ వచ్చింది. ఒక పేరంత సేపు ఊరుకుని, మళ్ళీ చదివాను.

"...అనే ముసలావిడ బయటికి వచ్చింది. నల్లబట్టలు కట్టుకుంది. పెళ్ళివారింట నల్లబట్టలేమిటని మావయ్యకు అనుమానం వచ్చింది కాని, భోజనం వచ్చేవేళ అడగడం బాగుండదని ఊరుకున్నాడు. ఆవిడ గట్టి రొట్టె, నూనె, ఉప్పులో ఊరేసిన చేదుకాయలు పెట్టింది. మర్నాడు మావయ్య రెండో ఇంటి పెళ్ళికి వెళ్ళాడు. నాలుగిళ్ళలో భోంచేశాక గాని ఆ ఊళ్ళో పెళ్ళికూతురు ఎక్కడా లేదని తెలియలేదు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"దొరసాని ఏదే?" అన్నాడు అయ్య నెమ్మదిగా. "కుర్చీ ఎయ్యలేదేటి? కింద సూడు, కింద ఉంటాది."

కింద చూశాను. కింద ఉన్నది ఇది.

"వాళ్ళు తెల్లవాళ్ళే గాని దొరలు కారు. చెప్పుల్లేకుండా గాడిదల వెంట కొండెక్కుతారు. ఎండలు ముదరకముందు ఏటా ఆడవాళ్ళే ఇళ్ళకు సున్నం వేసుకుంటారు. చదివింపులు లేకుండా నాలుగు పెళ్ళిళ్ళ భోజనం తినేశానని మావయ్య సిగ్గుపడ్డాడు. ముసలావిడ చేతిలోంచి కుంచె తీసుకుని ఆవిడ గోడలకు సున్నం వేశాడు. తర్వాత మిగతా మూడిళ్ళకూ వేశాడు."

"తెల్లోల్లు సున్నం ఎయ్యడవేటి!" అంది వెంకమ్మగారు. "ఆలకి నౌకర్లు లేరా? ఈ గుంటకి మతి సెడిందేటి?"

"మేమూ వేస్తాం" అంది దా సాన్ సాన్. "మా గోపురాలకి మేమే వేస్తాం. పుణ్యం వస్తుంది. మేస్త్రిగారికి ఎంత పుణ్యమో, నలభై మందితో వేయిస్తారు."

మేస్త్రిగారు నవ్వలేదు. నేను ఆపమంటారేమోనని ఎదురుచూశాను. ఎవరూ అనలేదు, వేలు కదిపాను.

"చెయ్యి రాస్తే అంటకుండా ఉండడానికి ఆ సున్నంలో ఉప్పు కలుపుతారు..."

"ఆగాగు" అన్నారు మేస్త్రిగారు.

పంచె మడతల్లోంచి ఆయన చేతులు బయటికి వచ్చాయి.

"ఉప్పెంతని రాసేవు?"

"కుండకు రెండు గుప్పెళ్ళండి." నా గొంతు నాకే వినపడలేదు.

"ఎవుల గుప్పెడు? మగోడిదా, ఆడమనిసిదా?"

వేలితో వెతికాను. "ముసలావిడ గుప్పెడని ఉందండి."

"ఊఁ." బొటనవేలితో చూపుడువేలి చీలికలు రాసుకున్నారు. "మనం గంజి కలుపుతన్నాం. వానలకి కారిపోతంది. సరే గాని, అది రాతిసున్నమా, గుల్లసున్నమా?"

అది పుస్తకంలో లేదు. నేను తల వంచుకున్నాను.

"రాతిసున్నమే బాబూ" అన్నాడు మావయ్య. "మూడ్రోజులు నానబెడతారు. కర్రతోటి అలగ తిప్పుతా ఉంటే ఎన్నలాగొచ్చీసి..."

అప్పుడు తను మాట్లాడుతున్నానని మావయ్యకు తెలిసింది. ఆగిపోయాడు. కర్ర తిప్పుతున్నట్టు గాల్లో తిరుగుతున్న ఎడమ చెయ్యి కూడా ఆగింది. గదిలో అందరూ ఆ చేతినే చూశారు, సున్నం పూసినట్టు మెరుస్తున్న ఆ కాలిన చేతిని. నిలబడే ఉన్న అయ్య ఒక అడుగు ముందుకు జరిగాడు. నాకు మాత్రం లోపల సంతోషం వేసింది. ఎంత బుద్ధి తక్కువదాన్నో చెప్పాలంటే అదొక్కటి చాలు. మేస్త్రిగారికి ఆ ఊరు నచ్చిందనుకున్నాను.

ఆయన చేతులు మళ్ళీ మడతల్లోకి వెళ్ళిపోయాయి.

"సూడు దండాసీ. నా అల్లుడు దొరల పాలరాతి మేడల్లో బస సేసినోడని బోటాటౌంగులో అందరికీ సెప్పుకున్నాను. నా పనోల్లు నలబై మందికీ సెప్పేను. ఇప్పుడు ఆడు కుంచి పట్టుకుని బీదోల్ల గోడలకి సున్నం కొట్టేడంటే, ఆ నలబై మందిలో ఒకడికి పిల్లనిచ్చీవచ్చు గదా, ఇంత దూరం మెట్లెక్కి రావడమెందుకు?" ముందుకు వంగారు. "ఓపాలే అడుగుతాను. పాలరాయా, సున్నమా?"

మావయ్య నా వైపు చూడలేదు. గోడ వైపు చూశాడు, అయ్య సున్నం వేసిన గోడ వైపు.

"పాలరాయే బాబూ" అన్నాడు. "ఈ గుంట ఒక్కర్తీ కూకుని కతలు కడతాది. నానేటో సెప్తే అదేటో రాసీసింది."

నా వేలు ఇంకా 'ఉప్పు' అన్న మాట కిందే ఉంది. ఎప్పుడు తీయాలో పంతులుగారు చెప్పలేదు.

"అదీ మాట!" అన్నారు మేస్త్రిగారు. వెంకమ్మగారు కూడా తలూపింది. బూట్లు జారే సంగతి ఆవిడ మరి అడగలేదు. అయ్య పెద్దగా ఊపిరి వదిలి నా చేతిలోని పుస్తకాన్ని కాలిన అప్పడాన్ని చూసినట్టు చూశాడు. అక్షరం మీద ఆయనకున్న నమ్మకం ఆ మధ్యాహ్నంతో పోయింది. ఆ గదిలో నిజం ఉన్నది ఒక్క ఆ పుస్తకంలోనే, కాబట్టి పోవలసింది అదే.

"గురువారం ఓడెక్కొద్దు" అన్నారు మేస్త్రిగారు. "సోమవారం పెందలాడే బోటాటౌంగు గోదాం కాడికి రా. కుంచి ముట్టకు, నువ్వు ముట్టకూడదు. సున్నం కలిపే కాడ నిలబడి సూసుకో. కుండకి..."

"రెండు గుప్పెళ్ళు బాబూ" అన్నాడు మావయ్య. తర్వాత ఇంకా చిన్నగా, "రాళ్ళుప్పు."

"అదే, అదే."

అమ్మ ఏడ్చింది. గట్టిగా కాదు. లేచి వెళ్ళి తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి, "మెట్లు దిగీటప్పుడు నెమ్మదిగా దిగు" అంది. ఎక్కడికీ దిగాల్సిన పని లేని మనిషితో. నాకూ ఏడుపు వచ్చేదే. మావయ్య ఇక బొగ్గు దగ్గరికి వెళ్ళడు. అది మంచిదే, చాలా మంచిదే. అంత మంచి జరిగిన ఇంట్లో నా ఏడుపు ఎందుకని ఊరుకున్నాను.

తాంబూలాలు వెనక గదిలో దేవుడి పటం ముందు మార్చుకోవాలి. అందరూ లేచారు. వెంకమ్మగారు లేస్తూ ఆసరాకు ఎదురు గోడ మీద చెయ్యి వేసింది. తీసి చూసుకుంటే అరచేయి తెల్లగా ఉంది. "ఓలమ్మ, ఇదేటి!" అని చీరకు తుడుచుకుంటే చీర కూడా తెల్లబడింది. మేస్త్రిగారు ఆవిడ చెయ్యి చూశారు, గోడ చూశారు, నన్ను చూశారు.

"ఆ గుంటని పుస్తకం లోనికి తేనీకండి" అంది వెంకమ్మగారు. "పెళ్ళినాడు కూడా ఎక్కడైనా దాసీండి."

దా సాన్ సాన్ కప్పులు లెక్క చూసుకుంటూ ముందు గదిలోనే ఉండిపోయింది. "రాయి, నువ్వు" అంది నాతో, కప్పు తుడుస్తూ. "నేను ఆ మేకల సంగతి ఎవరికీ చెప్పలేదు చాలా ఏళ్ళు. రాసుకుంటే బాగుండేది."

వెనక గదిలోంచి నవ్వులు వినపడుతున్నాయి. అయ్య పాలరాతి మెట్లు మళ్ళీ మొదటినుంచి చెబుతున్నాడు. మెట్లు ఇంకా పెరిగాయి. మావయ్య గుమ్మం దాకా వచ్చి, ఇవతల ఉండిపోయిన తాంబూలాల పళ్ళెం అందుకున్నాడు. నేను పుస్తకమూ పెన్సిలూ పట్టుకుని గుమ్మానికి ఇవతల నిలబడ్డాను. ఆ పూట ఎవరూ అడక్కుండా నేను మాట్లాడిన మొదటి మాట ఇదే:

"మావయ్యా, ఆవిడ పేరేంటి?"

నేను మొహం ఎత్తి చూశాను. మావయ్య కూడా చూశాడు. ఆయన పెదవులు కదిలాయి, మొదటి అక్షరానికి సరిపోయేలా కదిలాయి. పేరు జ్ఞాపకం వచ్చేసింది, నాకు తెలుసు. పెన్సిలు ఖాళీ మీద పెట్టాను.

లోపలినుంచి మేస్త్రిగారు "అల్లుడూ" అని పిలిచారు.

మావయ్య వెనక్కి చూశాడు, తర్వాత నా చేతిలోని పుస్తకం చూశాడు. పళ్ళెం ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో తలుపు వేసేశాడు.